పరదా మోటారు చడావు ఎక్కిన సాయంత్రం

యుద్ధం నడుస్తున్న ఆ కాలంలో, మా పాతబస్తీలో మోటారు నడపడం వచ్చినవాడికి పిల్లనివ్వడానికి ఎవరూ వెనకాడేవారు కాదు. (మోటారు ఎవరిదని కూడా అడిగేవారు కాదు.) నాకూ అలాగే ఛత్రినాకలో ఒక సంబంధం కుదిరింది. శాలిబండ దగ్గర ఒక నవాబుగారి దేవిడీలో, ఆ పెద్ద భవంతిలో, జనానా మోటారు నడిపేవాణ్ని నేను. అంటే ఇంటి ఆడవాళ్ల మోటారు. వెనక సీటు చుట్టూ మందపాటి నల్లని తెరలు, నా వీపుకూ ఆ సీటుకూ మధ్య ఇంకో తెర. వాళ్లు ఎక్కేటప్పుడు నేను గోడవైపు తిరిగి నిలబడాలి. వాళ్ల గొంతు నాకు వినబడకూడదు కాబట్టి లోపల ఒక గంట ఉండేది. ఒకసారి మోగితే ఆపాలి, రెండుసార్లు మోగితే కదలాలి. వెనక్కి చూస్తే మాత్రం ఆ క్షణమే ఉద్యోగం పోయినట్టు. నేను ఎవరిని ఎక్కించుకుని తిరుగుతున్నానో నాకే తెలియని ఉద్యోగం అది.

ఆ మోటారుకు నాకంటే ఎక్కువ వయసుంటుంది. దగ్గేది, పొగలు కక్కేది, తోచినచోట ఆగిపోయేది. యుద్ధం వల్ల సీమ సామాను రావడం లేదాయె. బాగు చేయించడం దండగ, తుక్కు కింద అమ్మేద్దామని దేవిడీ వ్యవహారాలు చూసే దారోగా పట్టుబట్టాడు. మోటారు పోతే నా ఉద్యోగం పోతుంది, ఉద్యోగం పోతే పెళ్లి పోతుంది. కాబోయే మామగారు కనబడినప్పుడల్లా ముందు మోటారు ఒంట్లో ఎలా ఉందని అడిగి, ఆ తర్వాతే నా సంగతి అడిగేవాడు. నాకు రాత్రిళ్లు కంటి మీద కునుకుండేది కాదు.

చివరికి లంబూ మిస్త్రీని పిలిపించారు. తాటిచెట్టంత మనిషి, గొంతూ అంతే పెద్దది. ఇంజను మూత ఎత్తి చూసి, చెవి ఆనించి విని, ఫలక్‌నుమా వైపు చడావు, ఆ నిటారు ఎత్తు, ఎక్కితే బాగు చేద్దాం, ఎక్కకపోతే తుక్కే అని తేల్చాడు. ఉత్త బండిని తీసుకుపోయి ఎక్కించి చూడండన్నాడు దారోగా. మోటారు ఎప్పటిలాగే జనానా వాకిట్లో, తెరలన్నీ దించి ఉంది. మిస్త్రీ నా పక్కన ఇరుక్కుని కూర్చున్నాడు. ఆకాశం మబ్బు పట్టి, పొద్దు ఇంకా ఉండగానే సందుల్లో చీకటి కమ్మింది.

దారిలో మిస్త్రీ ఊరుకోకుండా ఆ బండి పాత కథ ఎత్తుకున్నాడు. వెనకటి పెద్ద బేగం ఒకనాడు దర్గా నుంచి తిరిగి వస్తూ ఈ సీట్లోనే ప్రాణం విడిచిందట. ఆపమని గంట మోగలేదు కాబట్టి అప్పటి డ్రైవరు ఆపలేదు. వెనక్కి చూడకూడదు, నోరు విప్పి అడగకూడదు. పెట్రోలు అయిపోయేదాకా ఆవిడను అలాగే ఊరంతా తిప్పాడట.

సరిగ్గా చడావు మధ్యలో, బండి ఆయాసపడుతూ ఎక్కుతుండగా, వెనక గంట మోగింది. ఒకసారి.

అలవాటు పడ్డ కాలు దానంతట అదే బ్రేకు తొక్కింది. మిస్త్రీ అంత పెద్ద గొంతునూ పిల్లిగొంతు చేసుకుని, "ఏందిది? నువ్వు కొట్టినవా?" అన్నాడు.

"నా చేతులు రెండు ఈడనే ఉన్నయ్ కద భాయ్," అన్నాను.

రేడియేటరుకు నీళ్లు తెస్తానని మిస్త్రీ దిగాడు. (నీళ్లు పైన ఉన్న కుళాయి దగ్గరుంటే, ఆయన కిందికి పోయాడు. ఆ పొడుగు కాళ్లు అంత చురుగ్గా నడవడం నేనెప్పుడూ చూడలేదు.) నేనొక్కణ్నే మిగిలాను. గాలి లేదు, అయినా నా వీపు వెనక తెర మెల్లగా కదిలింది. మల్లె అత్తరు వాసన వచ్చింది. ఎవరో ఊపిరి తీసుకున్నట్టయింది. వెనక్కి తిరిగి చూద్దామా అంటే, అక్కడ ఎవరైనా ఉంటే ఉద్యోగం పోతుంది, ఎవరూ లేకపోతే ప్రాణం పోతుంది. చమట మెడ మీదుగా కారుతుంటే తుడుచుకోవడానికి కూడా తల తిప్పలేదు.

గంట మళ్లీ మోగింది. రెండుసార్లు.

బ్రేకు వదిలాను. బండి మొదట జరజరా వెనక్కి జారింది. తర్వాత మూలుగుతూ, పొగలు కక్కుతూ, గోడ పట్టుకుని లేచే ముసలమ్మలా పైకి ఎక్కింది. పైన ఇంకోసారి ఆపమని గంట. కింద ఊళ్లో ఒక్కో దీపమూ వెలుగుతోంది, ఎక్కడి నుంచో పొద్దుగుంకే వేళ నమాజుకు పిలిచే మగ్రిబ్ అజా వినబడుతోంది. వెనక నుంచి ఏ చప్పుడూ లేదు. ఆ పాత డ్రైవరులాగే ఇక నన్ను కూడా తెల్లారేదాకా తిప్పిస్తుందనుకున్నాను. చాలాసేపటికి కదలమని మోగింది. నాకు తెలిసిన దేవుళ్లనూ, మిస్త్రీకి తెలిసిన దేవుణ్నీ కలిపి మొక్కుకుంటూ దేవిడీకి చేర్చాను.

వాకిట్లో ఆపగానే తెర సందు నుంచి ముడతలు పడ్డ చెయ్యి ఒకటి బయటికొచ్చింది. అరవబోయాను. "గోడ దిక్కు తిరుగు బిడ్డా, బేగం సాబ్ దిగాలె," అంది ఆ చేతి వెనకాల గొంతు. అది జనానాలో పనిచేసే బువాది. నేను గోడకు ముఖం ఆనించాను. నా వెనక పట్టుబట్టల గరగర మెల్లగా లోపలికి వెళ్లిపోయింది. సంగతి తర్వాత తెలిసింది. ఆ మోటారే లేకపోతే తనకు గడప దాటే దారి లేదని నవాబుగారి ఇప్పటి బేగం, దారోగాకు చెప్పకుండా, మేం రాకముందే బువాతో ఎక్కి కూర్చుంది. చడావు మధ్యలో ఆపితే బండి మళ్లీ కదులుతుందో లేదో తానే పరీక్ష పెట్టింది.

చడావు కింద నుంచి చూసి ముందే వచ్చేసిన మిస్త్రీ మాట పట్టుకుని, బండి వెనక్కి జారిందని, రేడియేటరు మసిలిపోయిందని, ఇక అమ్మేయడమే మేలని దారోగా మొదలుపెట్టాడు. నా పెళ్లి నా కళ్లముందే కరిగిపోతోంది. అంతలో బువా మళ్లీ వాకిట్లోకి వచ్చింది.

"బండి ముసల్దే, మాకు గూడ తెల్సు అన్నరు బేగం సాబ్. గని అంత సేపట్ల ఒక్కపారి గూడ ఎన్కకు సూడని పిల్లగాడు మళ్ల దొర్కడట. బాగు చేపియ్యిమన్నరు."

నా మర్యాద సంగతి బస్తీ అంతా పాకింది. అల్లుడు పరాయి ఆడవాళ్ల నీడ కూడా చూడడని మామగారు నలుగురికీ చెప్పుకుని మురిసిపోయాడు. పెళ్లి జరిగింది. అది మర్యాద కాదనీ, మెడ బిగుసుకుపోయిందనీ తెలిసింది నా భార్యకు ఒక్కదానికే.

ఆ తర్వాత బేగం పోయేదాకా ఆ మోటారులో ఆమెను తిప్పింది నేనే. భయం మొదటి నెలలోనే పోయింది. తెర పాతబడి, చిరుగులు పడి, అద్దంలో చూసినా చాలు కనబడే రోజులు కూడా వచ్చాయి. అయినా చూడలేదు. అందరూ మర్యాదస్తుడు అంటుంటే, మెడ బిగుసుకుపోయిన ఆ వెర్రి కుర్రాడు నిజంగానే మర్యాదస్తుడైపోయాడు. ఆమె ముఖం ఎలా ఉండేదో నాకిప్పటికీ తెలియదు.