మంగళవారం వద్దన్న ఇల్లు

నా భార్య నాకంటే ఏడాదిన్నర ముందు ఇంగ్లండ్ వెళ్ళింది. ఆమెది దివిసీమలో నాగాయలంక దగ్గర పల్లె. గుడివాడలో ఓ ప్రైవేటు ఆస్పత్రిలో నర్సుగా చేస్తూ, డ్యూటీ నుంచి వచ్చాక పుస్తకాలు ముందేసుకుని కూర్చుని, పరీక్షలన్నీ గట్టెక్కి అక్కడ ఉద్యోగం తెచ్చుకుంది. నేను బంటుమిల్లి చుట్టుపక్కల రొయ్యల చెరువులకు టెక్నీషియన్‌ని. కాపురం బందరులో, అద్దె ఇంట్లో. పొద్దున్నే ఆమె బస్సెక్కి ఓ వైపు, నేను బండి మీద ఓ వైపు వెళ్ళినా, తిరిగి చేరేది ఒక ఇంటికే. ఆమె వెళ్ళాక అది పోయింది.

నన్ను రమ్మని కాగితాలు పంపినప్పుడు చెరువు గట్ల మీద నన్ను ఆటపట్టించారు. "అత్తారింటికి వెళ్ళే కొత్త కోడలివి, ఏడవకూడదురా" అన్నాడు నా స్నేహితుడొకడు, పెట్టె సర్దుతుంటే పక్కన కూర్చుని. నేనూ నవ్వాను. నవ్వక ఏం చేస్తాను? వాడన్నది నిజమే. భార్య మీద ఆధారపడినవాడినని నా వీసా కాగితంలోనే రాసి ఉంది. అది చదివినప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది. అయినా వెళ్ళాను, ఆమె లేకుండా ఉండలేక.

అక్కడ ఆమె మరో ముగ్గురు నర్సులతో కలిసి ఒక ఇంట్లో ఉంటోంది. ఒక గది ఆమెది, వంటిల్లు నలుగురిదీ. బయటివాళ్ళు ఎవరైనా మూడు వారాలకు మించి ఉండకూడదన్నది ఆ ఇంటి షరతు. కట్టుకున్నవాడైనా బయటివాడే. ఈలోగా మాకంటూ ఇల్లు దొరకాలి, లేదంటే నా దారి నేను చూసుకోవాలి.

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. పరాయి దేశంలో ఇల్లు అద్దెకు తీసుకుని చూడమని వాళ్ళకు తోచలేదు. ఆమె జీతం ఒక్కటే చాలదు, నాకూ ఉద్యోగం ఉండాలన్నారు ఇళ్ళవాళ్ళు. ఉద్యోగానికి వెళ్తే సొంత అడ్రసు చూపించమన్నారు. పిచ్చి కుదిరితే గాని పెళ్ళి కుదరదు, పెళ్ళి కుదిరితే గాని పిచ్చి కుదరదు. రొయ్యను చేతిలోకి తీసుకుని పేగు చూస్తే మేత తింటోందో లేదో చెప్పగలను నేను. ఆ ఊళ్ళో ఆ విద్య ఎవరికి కావాలి?

ఒక ఏజెంటమ్మ, పాత ఇంటి యజమాని దగ్గర ఉత్తరం తెమ్మంది. బందరులో మా ఇంటాయనకు ఫోన్ చేశాను. "దాందేముందండీ, ఇప్పుడే రాసి పంపుతాను" అన్నారు. పంపారు కూడా, ఇంగ్లీషులోనే. ఈ అబ్బాయి తండ్రిగారు నాకు బాగా తెలుసు, గూడూరు దగ్గర పరువైన కుటుంబం, మా ఇంట్లో ఉన్నన్నాళ్ళూ ఒక్కనాడు కూడా మోటారు ఆపడం మర్చిపోలేదు అని. ఏజెంటమ్మ దాన్ని రెండుసార్లు చదివి, మోటారేమిటని అడిగింది. బోరు, పైన టాంకు, అది నిండి పొర్లిపోవడం, అన్నీ వివరించాను. మర్నాడు ఆ ఇల్లు ఇంకెవరికో వెళ్ళిపోయింది.

మూడో వారంలో, ఆమెతో పనిచేసే ఒకావిడ ద్వారా ఒక ముసలాయన ఇల్లు తెలిసింది. మూతపడిన కొట్టు మీద రెండు గదులు. ఆమె డ్యూటీలో ఉంటే నేనొక్కడినే వెళ్ళి చూశాను. వంటింటి కిటికీలోంచి సముద్రం కొంచెం కనబడింది. ముసలాయన కాగితాలేవీ పెద్దగా అడగలేదు. "మంగళవారం పొద్దున పదింటికి ఇద్దరూ రండి, సంతకాలు పెట్టి తాళాలు తీసుకోండి" అన్నాడు.

మంగళవారం అనేసరికి నేను సాకు వెతుక్కున్నాను.

ఇది చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. మా వైపు రైతులు మంగళవారం చెరువులో సీడ్ వదలరు. రొయ్యపిల్లల్ని మేం సీడ్ అంటాం. ఒకప్పుడు నేను వాళ్ళను ఎగతాళి చేసేవాడిని. ఒకసారి సీడ్ బండి మంగళవారమే వచ్చింది. రైతు బుధవారం దాకా ఆగుదామన్నాడు. ఆగితే పిల్లలు నీరసించిపోతాయి, రోజుల్లో ఏముందండీ అని దగ్గరుండి వదిలించాను. రెండు నెలలు తిరక్కుండా తెల్లమచ్చ రోగం వచ్చి చెరువు మొత్తం తుడిచిపెట్టుకుపోయింది. ఆ రైతు నన్ను ఒక్క మాట అనలేదు. "నీ తప్పేం లేదులే అబ్బాయ్" అన్నాడంతే. తిట్టినా బాగుండేది. రోగం మంగళవారం చూసి రాదని ఎవరికైనా గంటసేపు చెప్పగలను. కానీ ఆనాటి నుంచి మంగళవారం నేను ఏదీ మొదలుపెట్టలేదు.

"ఆ రోజు నా భార్యకు డ్యూటీ ఉందండీ, బుధవారం వస్తాం" అన్నాను ముసలాయనతో.

"సరే. ఈలోపల ఇంకెవరైనా వస్తే మాత్రం నేను ఆపను" అన్నాడు.

చెప్పాడు, నేను విన్నాను. విని కూడా లెక్కచేయలేదు. బందరులో అయితే ఇల్లుగలాయనే క్యాలెండరు తిరగేసి మంచిరోజు చెప్తాడు, మాట అనుకున్నాక నాలుగు రోజులు ఆగుతాడు. ఆ ధీమాతో ఇంటికి వచ్చి, బుధవారం తాళాలిస్తాడని ఆమెకు చెప్పాను.

మంగళవారం మధ్యాహ్నం ఫోన్ వచ్చింది. ఇల్లు వేరేవాళ్ళు తీసేసుకున్నారు. ముసలాయన మనసు మార్చుకున్నాడని ఆమెతో అబద్ధమాడాను. అది సాయంత్రం దాకా కూడా నిలవలేదు. ఇల్లు చెప్పిన ఆవిడే ఆమెకు ఫోన్ చేసి, మంగళవారం ఎందుకు వెళ్ళలేదని అడిగింది.

ఆమె ఫోన్ పెట్టేసి మంచం మీద కూర్చుంది. "మంగళవారమనేగా, బావా?" అంది.

"నాకు డ్యూటీ ఉందని చెప్పావంట. మంగళ, బుధ రెండు రోజులూ సెలవు పెట్టాను. సామాన్లు కొనుక్కుందామని. నీకు డ్యూటీకని చెప్పి, పొద్దున బజారుకే వెళ్ళొచ్చాను."

అరిస్తే నేనూ అరిచేవాడినేమో. అరవలేదు. లేచి వంటకు వెళ్ళింది.

మూడు వారాలు అయిపోయాయి. బస్సులో నాలుగు గంటల దూరంలో చేపలు కోసి ప్యాక్ చేసే ఫ్యాక్టరీలో పని దొరికింది, ఉండటానికి మంచం వాళ్ళే ఇచ్చారు. గదికి ఆరుగురం. బందరు దగ్గర గిలకలదిండి చేపల హార్బరు మీదుగా వెళ్తే ముక్కు మూసుకునేవాడిని నేను. రెండు వారాలకోసారి, ఆదివారం, ఆమె దగ్గరికి వెళ్ళేవాడిని. పార్కులో బెంచీ మీద కూర్చుని డబ్బాలో తెచ్చిన పులిహోర తినేవాళ్ళం. కలవగానే ఆమె నా తిరుగు బస్సు ఎన్నింటికో అడిగేది, సాయంత్రం ఆ బస్సుకు నేను వెళ్ళిపోయేవాడిని. ఒకే దేశంలో ఉన్నామన్న మాటే గానీ, బందరులో ఉన్నప్పుడు ఫోన్లో ఇంతకంటే ఎక్కువ మాట్లాడుకునేవాళ్ళం.

అలా తొమ్మిది నెలలు గడిచాయి. ఇల్లు ఆమే వెతికింది, ఆమే సంతకాలు పెట్టింది. ఏ రోజున అని నేను అడగలేదు. ఫ్యాక్టరీ పని మానేసి, నా పెట్టె తీసుకుని వెళ్ళాను. ఆమె కిందికి దిగి తలుపు తీసింది. మొహం నిండా నవ్వు. పెట్టె అందుకుంటూ, "బస్సు ఎన్నింటికి, బావా?" అంది.

"ఏ బస్సు?" అన్నాను.

పెట్టె చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. తర్వాత, "అవును కదూ" అని, నా వైపు చూడకుండా మెట్లెక్కింది. కాసేపు గుమ్మం బయటే నిలబడి, ఆమె వెనకాల నేనూ లోపలికి వెళ్ళాను.