చదవకుండా వదిలేసిన చివరి వాక్యం

ఒక వాక్యం ఇన్నేళ్లుగా నా గొంతులో ఇరుక్కుని ఉంది. మింగలేను, కక్కలేను. మీరు నన్ను ఎరగరు గనక మీకు చెబుతున్నాను.

మాది గోనెగండ్ల దగ్గర పల్లె. ఏడో తరగతితో బడి మానేసి కుట్టుమిషను పట్టినాను. మిగతా చదువంతా ఎమ్మిగనూరు లైబ్రరీదే. ధరలు, పన్నులు జనం ఓటును ఎట్లా తిప్పుతాయో అక్కడే చదివాను. ఎక్కడో పెరిగిన పన్ను ఎవరినీ కదిలించదు, తన గడప దాకా వచ్చిందే కదిలిస్తుంది. అది అర్థమైన రోజు ఎంత గర్వపడ్డానో!

శాసనసభ ఎన్నికల ముందు, ఇంటిపన్ను పెంచుతూ ప్రభుత్వం ఇచ్చిన కాగితాన్ని పంచాయతీ గోడకు అంటించారు. అప్పుడున్న ఆ ప్రభుత్వం మీద నాకు కోపం. పేపర్లు, పుస్తకాలు దొరికే మా ఊరి చదువుగది వాళ్ల హయాంలోనే మూతపడింది. కాగితం చదువుతూ ఉండగానే మా వీధి ఈరమ్మ ఫోను చేసింది. మొగుడూ పెళ్లామూ గుంటూరు దిక్కు మిరప కోతలకు సుగ్గి, అంటే వలస కూలికి, పోయి ఉన్నారు.

"అన్నా, పన్ను పెంచినారంట. లైబ్రరీ అంతా మింగినోనివి, సదివి సెప్పు. మా మట్టి మిద్దెకు గూడా పెరుగుతాదా?"

చివరి వాక్యం నా కళ్లముందే ఉంది.

"అందరికీ పెరుగుతాదమ్మా."

"అట్లయితే వస్తాం. ఈసారి ఓటుకు రాగూడదనుకుంటిమి. వాళ్లకు మాత్రం ఏసేది లేదు."

వచ్చినారు. వేసినారు. తిరిగి పోయేసరికి మేస్త్రీ వాళ్ల జాగాలో వేరేవాళ్లను పెట్టుకున్నాడు. కోతలు పోయినాయి. ఆ ఎండాకాలం ఉన్న నాలుగు మేకలనూ అమ్ముకుని తిన్నారు.

ఎందుకు చెప్పాను? కోపమా? లేక పుస్తకంలో చదివింది ఒక మనిషి మీద పనిచేస్తుందో లేదో చూడాలన్న ఆశా? రెండోదే అని తోచినప్పుడల్లా మిషను ఆపేసి బయటికి పోతాను.

ప్రభుత్వం మారింది. ఈరమ్మ మిద్దెకు పన్ను పెరగలేదు. తన ఓటే దాన్ని ఆపిందని ఆమె నమ్మకం. నువ్వు సెప్పబట్టే గదన్నా అంటుంది. ఇప్పటికీ ఏ కాగితం వచ్చినా నా దగ్గరికే తెస్తుంది. నిజం చెబితే మళ్లీ తెస్తుందా? ఆ భయమే నన్ను ఇన్నాళ్లూ ఆపింది, సిగ్గు కాదు.

ఆ వాక్యం ఇదీ: మట్టి మిద్దెలకు ఈ పెంపు వర్తించదు.

ఇక్కడ రాసేసినాను. ఈరమ్మకు చదవడం రాదు.