బర్రెల కొట్టంలోకి దర్వాజ

కట్టంగూర్‌లో మా వంటింటి వెనకున్న గదిలో ఒకప్పుడు పత్తి బస్తాలు వేసేవాళ్లం. తెలంగాణ వచ్చిన కొత్తలో దాన్ని ఖాళీ చేసి ఒక రిటైర్డ్ హవల్దారుకు కిరాయికి ఇచ్చాం. ఆయనది తిరుమలగిరి వైపు ఊరు. భార్య పోయింది, పిల్లలు లేరు. ఆ గదికి మా వంటింట్లోంచే దారి. పొద్దున ఆయన బయటికి పోతుంటే మా అత్తమ్మ చాయ్ గ్లాసు చేతిలో పెట్టేది. నిటారుగా నిలబడే తాగి వెళ్లేవాడు.

కొన్నాళ్లకు, మాజీ సైనికులకు కిరాయిలో కొంత సాయం చేసే సంఘం ఒకటుందని ఆయనకు తెలిసింది. దరఖాస్తు పెట్టుకుంటే వాళ్ల తరఫున ఒక సారు ఇల్లు చూడటానికి వచ్చాడు. గది బాగుందన్నాడు. వంటింట్లోకి రాగానే ఆగిపోయాడు.

"కిరాయిదారుకు సొంత దర్వాజ ఉండాలె. గిట్ల నడవదు."

"రోజు నడుస్తనే ఉన్నడు గద సారూ," అంది అత్తమ్మ.

ఆ గదిలో దర్వాజ పెట్టగలిగే గోడ ఒక్కటే. దాని అవతల పక్కింటాయన బర్రెల కొట్టం. మా ఆయన వెళ్లి అడిగితే ఆ పెద్దమనిషి కాసేపు ఆలోచించి, "బర్రెకు తక్లీఫ్ లేకుంటే నాకేం తక్లీఫ్," అన్నాడు. గోడ పగలగొట్టి దర్వాజ పెట్టించాం.

సారు మళ్లీ వచ్చాడు. ప్యాంటు పైకి మడుచుకుని, పేడ తప్పించుకుంటూ, బర్రె పక్కనుంచి ఒదిగి గదిలోకి అడుగుపెట్టాడు. "ఇగ ఇజ్జత్‌గ ఉన్నది," అన్నాడు. హవల్దారు సెల్యూట్ కొట్టాడు. సారు తిరిగి పోయేటప్పుడు మాత్రం మా వంటింట్లోంచే పోయాడు.

సాయం మంజూరైంది. ఆ రోజే హవల్దారు వంటింటి వైపు తలుపుకు గడియ పెట్టుకున్నాడు. పొద్దున్నే కొట్టంలోంచి బయటపడి, వీధంతా చుట్టి మా ముందు వాకిట్లోకి వచ్చి చాయ్ తాగేవాడు.

"ఇంట్లకెళ్లే రారాదా తమ్మీ, చాయ్ సల్లారుతాంది," అనేది అత్తమ్మ.

"రూల్ కాదక్కా."

వానాకాలంలో ఒకరోజు కొట్టంలోకి నీళ్లొచ్చాయి. బర్రె తలుగు తెంపుకుని ఆయన గదిలోకి సగం దూరి, దర్వాజకు అడ్డంగా నిలబడిపోయింది. హవల్దారు లోపలే చిక్కుకున్నాడు. మేం ఎంత పిలిచినా వంటింటి తలుపు గడియ తీయలేదు.

"కిరాయిదారు అటుకెళ్లి రావొద్దు," అన్నాడు తలుపు అవతలి నుంచి.

అత్తమ్మ తలుపు దగ్గరికి పోయింది. "కిరాయిదారు లెక్క ఎందుకు వస్తవు? చుట్టం లెక్క రా. చుట్టాలకు ఏ రూల్ లేదు."

తర్వాత గడియ తీసిన శబ్దం. ఆయన చొక్కా గుండీలు పెట్టుకుని, చేతులు జోడించి, "మంచిగున్నవా అక్కా," అంటూ వచ్చాడు. మా ఇంట్లో మొదటిసారి పీట మీద కూర్చున్నాడు.

పక్కింటాయన వచ్చి చాలాసేపు తోక పట్టి గుంజాడు. బర్రె వెనక్కి నడవలేదు. చివరికి సొప్ప ఆశచూపి, గదిలోంచి, మా వంటింట్లోంచి, పొయ్యి పక్కనుంచి బయటికి తోలుకుపోయాడు. అది దాటేదాకా హవల్దారు లేచి నిలబడే ఉన్నాడు.

తర్వాత వంటిల్లు కడగడానికి ఆయనే చీపురు అందుకున్నాడు.

"చుట్టాలతోటి పని చేపిస్తరా?" అంది అత్తమ్మ.

"ఇప్పుడు కిరాయిదారునే అక్కా," అని ఆయన మూల నుంచి ఊడ్వడం మొదలుపెట్టాడు.