బావమరిదిని తోసేసిన చెయ్యి

మా ఊరు హోఫెన్‌గ్రుంద్‌లో ఎవాల్డ్‌ని విసుక్కున్నవాళ్ళెవరూ లేరు, నా మనవరాలి బాప్తిస్మం రోజు దాకా. ఊరి పొక్లెయిన్ నడిపేవాడతను. కాలువ తవ్వాలన్నా, ఎండిపోయిన ఆపిల్ చెట్టు పెకలించాలన్నా అతనే రావాలి. ఓసారి మా బేకరీ ముందున్న గులాబీ మొక్కని ఆ ఇనప తొట్టితోనే వేళ్ళు తెగకుండా లేపి గోడవారకి మార్చిపెట్టాడు. అది ఇప్పటికీ పూస్తోంది.

మా వైపు ఊరికో బీరు బట్టీ ఉంటుంది కాబట్టి తాగడాన్ని ఎవరూ పట్టించుకోరు. పనయ్యాక తాగుతారు, ఆదివారం ప్రార్థన అయ్యాక తాగుతారు. ఎవాల్డ్ పనికి ముందు కూడా మొదలుపెట్టాడు. ఆ సంగతి అతని పెళ్ళాం రోస్విత చాలాకాలం కడుపులోనే దాచుకుంది.

బాప్తిస్మం జరిగే ఆ శనివారం ఫైరింజన్ షెడ్డు పక్కన కాలువ తవ్వుతూ ఊరికి నీళ్ళిచ్చే పెద్ద పైపుని కొరికేశాడు. నీళ్ళు చర్చి గోడంత ఎత్తు లేచాయి. చర్చి లోపల పాస్టరుగారు కుళాయి తిప్పితే గురగురమని గాలి తప్ప చుక్క రాలేదు. బిడ్డ గుక్కపట్టి ఏడుస్తోంది. చుట్టాలంతా కొత్తబట్టల్లో బిక్కమొహాలు వేసుకుని నిలబడ్డారు. చివరికి మా అల్లుడు విందుకని తెచ్చిన సోడా సీసాలు కారు డిక్కీలోంచి పట్టుకొచ్చాడు. నా మనవరాలి బాప్తిస్మం అలా సోడాతో జరిగింది. నెత్తిమీద బుడగలు చిటపటలాడుతుంటే అది ఏడుపు ఆపి ఠపీమని తుమ్మింది.

మేయరమ్మ హిల్ట్రూడ్ తడిసిన చెప్పులతోనే వెళ్ళి పొక్లెయిన్ తాళంచెవి లాక్కుంది.

"వాసన ఇక్కడిదాకా కొడుతోంది ఎవాల్డూ. ముందు ఆస్పత్రికెళ్ళి మానుకునిరా, అప్పుడిస్తాను."

"ఒక్క పైపుకే ఇంత రాద్ధాంతమా?"

"ఆ పైపు ఉన్నచోట మనిషి ఉంటేనో?"

ఎవాల్డ్ పొక్లెయిన్ దిగి ఇంటికి నడిచాడు. మర్నాడు రోస్వితే అతని పెట్టె సర్దింది.

తాగుడు మాన్పించే ఆ ఆస్పత్రి అడవి అంచున ఉంది. ఒంట్లోంచి మందు దిగిన మొదటి రోజుల గురించి అతను ఇప్పటికీ మాట్లాడడు. కాస్త తేరుకున్నాక కంప్యూటర్ల గదిలోకి పంపారు. అక్కడ ఇమ్కె అనే సైకాలజిస్టు ఉంది. ఉత్తరాన సముద్రపు ఒడ్డు మనిషి. నిటారుగా కూర్చుంటుంది, నవ్వినా చప్పుడు రాదు. కంప్యూటరు ముందు ఒక జాయ్‌స్టిక్ పెట్టింది. తెరమీద బొమ్మ వస్తుంది, బీరు గ్లాసుదో పళ్ళరసానిదో. కర్రని లాగితే బొమ్మ పెద్దదై మీదికొస్తుంది, తోస్తే చిన్నదై మాయమైపోతుంది. అంతే పని.

ఎవాల్డ్ పకపకా నవ్వాడు. "అమ్మా డాక్టరమ్మా, నేను పుట్టిందగ్గర్నుంచీ కర్రలు లాగుతూ తోస్తూనే బతుకుతున్నాను. నాకు మీరు నేర్పుతారా?"

"నేర్పను లెండి, ముందు చూస్తాను. మొదట బీరుని లాగండి, పళ్ళరసాన్ని తొయ్యండి. తర్వాత దాన్ని తిరగేసి చెయ్యండి."

చేశాడు. ఇమ్కె తెర అతనివైపు తిప్పి, రెండు గీతలు చూపించింది. బీరుని లాగేటప్పుడు చెయ్యి మెరుపులా కదిలింది. తోసేటప్పుడు మాత్రం ప్రతిసారీ ఒక్క క్షణం ఆగింది.

"మీ కర్ర బిగుసుకుపోయింది. నూనె వెయ్యాలి," అన్నాడు ఎవాల్డ్.

"కర్ర అదేనండీ. రసాన్ని తోసినప్పుడు బాగానే కదిలిందిగా."

అతను తన కుడిచేతిని ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాడట. నా మాట వినే మిషన్లున్నాయి గానీ నా చెయ్యే వినడం లేదన్నమాట, అనిపించిందట. ఈ ముక్క నాకు చెప్పినప్పుడు మాత్రం నవ్వలేదు.

ఆ తర్వాత రోజూ అదే పని. బీరొస్తే తొయ్యి, రసమొస్తే లాగు. కొన్నాళ్ళకి విసుగెత్తి పేచీ మొదలుపెట్టాడు. "ఈ సన్నటి గాజుగ్లాసుల్లో మా ఊళ్ళో పూలు కూడా పెట్టరు! మేం తాగేది బూడిదరంగు మట్టి ముంతల్లో. వీటిని ఎన్నిసార్లు తోసినా నాకేం పట్టదు."

వంక పెడుతున్నానని ఆమె అనుకుంటుందేమో అనుకున్నాడు. ఇమ్కె ఆలోచించి, "అయితే మీ ఊరి ముంతల ఫొటోలు తెప్పించండి," అంది.

రోస్విత బట్టీ వాకిట్లోకి వెళ్ళి ఫొటోలు తీసి పంపింది. ఒకదాంట్లో ఆమె తమ్ముడు లోథర్, ఫొటో తీస్తున్నారని తెలిసి, నురగ కారుతున్న ముంత ఎత్తిపట్టుకుని పళ్ళికిలించాడు. ఊళ్ళో ఎవాల్డ్ చేతిలో ముంత పెట్టే మనిషే వాడు.

"ఈయన్ని కత్తిరించేద్దామా?" అడిగింది ఇమ్కె.

"వద్దు డాక్టరమ్మా! వాణ్ణి ఉంచండి!"

ఆ రోజు నుంచి ఎవాల్డ్ కంప్యూటరు గదికి అందరికంటే ముందే వెళ్ళేవాడు. తోస్తే చాలు, బావమరిది ముంతతో సహా కుంచించుకుపోయి చుక్కై మాయమయ్యేవాడు. మళ్ళీ వచ్చేవాడు, మళ్ళీ తోసేవాడు. పక్క కుర్చీల్లో రోగులు కూడా, "ఈయనెవరో గానీ, మాకూ పెట్టండమ్మా," అని అడిగారట.

అక్టోబరులో ఎవాల్డ్ ఇంటికొచ్చాడు. సరిగ్గా అప్పుడే మా కెర్వా జాతర. వెళ్ళొద్దని రోస్విత మొత్తుకుంది. చేపలు తిని వచ్చేస్తానన్నాడు. బట్టీ వాకిట్లో బాకాల మేళం మోగుతోంది, పక్కన స్నానాల తొట్టిలో వేయించడానికి తెచ్చిన కార్ప్ చేపలు ఈదుతున్నాయి. లోథర్ దూరం నుంచే చూశాడు.

"బావా! చిక్కిపోయావేంటి బావా! ఇదిగో, పట్టు!"

ముంత అతని మొహం ముందుకొచ్చింది. ఎవాల్డ్ నోట్లో నీళ్ళూరాయి, అదీ నిజమే. కానీ బుర్ర ఇంకా ఏదీ అనుకోకముందే కుడిచెయ్యి సాగింది. లోథర్ రెండడుగులు వెనక్కి తూలి, ముంతతో సహా చేపల తొట్టిలో కూలబడ్డాడు. మేళం ఆగిపోయింది. ఓ చేప అతని చొక్కాలోంచి దూకి రాళ్ళమీద పడి తపతపా కొట్టుకుంది.

"నన్ను తోస్తావా బావా! అందరిముందూ!"

"నిన్ను కాదురా... నీ ఫొటోని!"

"ఏ ఫొటో?"

ఎవాల్డ్ చెప్పాల్సొచ్చింది. చెప్పేకొద్దీ జనం పడిపడి నవ్వారు. లోథర్ మొహం ఎర్రబారిపోయింది. "అంటే అక్కా, అక్కడ రోగులంతా నన్ను తోస్తున్నారా?" అని రోస్వితని అడిగి, నీళ్ళు కార్చుకుంటూ వెళ్ళిపోయాడు. రోస్విత ఒక కంట నవ్వింది, ఒక కంట ఏడ్చింది. ఎంతైనా తమ్ముడు.

ఇక్కడితో అంతా బాగైపోయిందని చెప్పను. జనవరిలో ఒక అంత్యక్రియల భోజనాల దగ్గర, ఎవరూ అతన్ని పట్టించుకోనప్పుడు, ఎవాల్డ్ తనంతట తనే ఓ ముంత లాక్కున్నాడు. ఆ తర్వాత ఇంకోటి. మర్నాడు తనే ఇమ్కెకి ఫోన్ చేశాడు.

"మీ చదువు పనిచెయ్యలేదమ్మా. చెయ్యి మోసం చేసింది."

"చెయ్యొక్కటే ఎంతకని కాపలా కాస్తుందండీ? తాగుడు మానేసినవాళ్ళ గురువారం మీటింగులకి వెళ్ళమన్నాను. ఒక్కదానికైనా వెళ్ళారా?"

వెళ్ళలేదు. అందరిముందూ కూర్చుని మాట్లాడాలంటే సిగ్గు అతనికి. మళ్ళీ కొన్నాళ్ళు ఆస్పత్రిలో ఉండి వచ్చి, ఈసారి గురువారాలు మొదలుపెట్టాడు. మొదట్లో రోస్విత కారులో దింపి, లోపలికెళ్ళేదాకా చూసేది. వసంతంలో మేయరమ్మ తాళంచెవి ఇచ్చింది, నీటి పైపుల మ్యాపు కూడా చేతిలో పెట్టి.

ఏప్రిల్‌లో ఓ సాయంత్రం లోథర్ ఎవాల్డ్ వాళ్ళింటికొచ్చాడు, ఉత్త చేతులతో. వాళ్ళ వంటింట్లో నేనూ ఉన్నాను, రొట్టె ఇద్దామని వచ్చి. రోస్విత కాఫీ పోసింది. బావా బావమరదులు ఎదురెదురుగా కూర్చున్నారు. ముంత లేకుండా ఎప్పుడూ మాట్లాడుకోలేదు మరి, ఎక్కడ మొదలెట్టాలో ఇద్దరికీ తెలియలేదు.

లోథర్ కుర్చీలో కదిలి, మొహం చిట్లించాడు.

"ఏంట్రా?" అన్నాడు ఎవాల్డ్.

"మోకాలు బావా. మెట్లెక్కలేను."

"ఎప్పట్నుంచి?"

"నాలుగేళ్ళు."

"నాలుగేళ్ళా! నాకెప్పుడూ చెప్పలేదేం?"

"చెప్పాను బావా, చాలాసార్లు చెప్పాను," అన్నాడు లోథర్.

ఎవాల్డ్ కుర్చీ దగ్గరికి జరుపుకుని, "సరే, మళ్ళీ చెప్పు. ఎక్కడ నొప్పి?" అన్నాడు. లోథర్ పంట్లాం పైకి మడిచాడు.