ప్రెసిడెంటుగారి పందిట్లో మంచినీళ్ళ సర్వే

2022 వేసవిలో ఉప్పలగుప్తం మండలంలో ఒక ప్రైవేటు సంస్థకు సర్వే పనిచేశాను. ఊళ్ళో జనం ఎంత బాగున్నారో, ఊరి వ్యవహారాల్లో ఎంత పాలుపంచుకుంటున్నారో మార్కుల్లో తేల్చే సర్వే అది. దాన్ని వెల్‌బీయింగ్ ఇండెక్స్ అంటారు. తక్కువ మార్కులొచ్చిన ఊళ్ళకు మంచినీటి ప్లాంటు కట్టించడానికి ఒక దాత ఒప్పుకున్నారు.

నా చదువు ఇంటర్‌తో ఆగింది. సర్వే విద్య మాత్రం అమలాపురం గ్రంథాలయంలో కూర్చుని, అర్థంకాని పేజీలు మళ్ళీ మళ్ళీ చదివి నేర్చుకున్నాను. ఆ సంగతి చెప్పుకోవడానికి నాకు గర్వమే. జవాబిచ్చేవాళ్ళకు భయం లేనిచోట అడగాలని ఆ పుస్తకాలన్నీ మొదటే చెబుతాయి.

సముద్రం దగ్గరి ఒక ఊళ్ళో ఫోకస్ గ్రూప్ పెట్టాం. అంటే కొంతమందిని ఒకచోట చేర్చి ఒకే విషయం మీద మాట్లాడించడం. పట్నం నుంచి వచ్చిన మా సూపర్‌వైజర్ అందుకు పంచాయతీ మాజీ ప్రెసిడెంటుగారి పందిరి ఎంచుకున్నారు. అక్కడ నీడా, ఫ్యాన్లూ ఉన్నాయి. మేం దిగీదిగగానే ప్రెసిడెంటుగారు కొబ్బరిబొండాలు కొట్టించి ఇచ్చారు. ఊరి చుట్టూ ఉన్న రొయ్యల చెరువులు కూడా ఆయనవే!

ఊరి చివర పేటలో ఉండే కూలి ఆడవాళ్ళు వచ్చి ఓ పక్కన నేలమీద కూర్చున్నారు.

"మీ బోరు నీళ్ళెలా ఉన్నాయమ్మా?" అని సూపర్‌వైజర్ అడిగారు.

"బాగానే ఉన్నాయండీ."

"గ్రామసభలో మీ కష్టాలు చెప్పుకుంటున్నారా?"

"ఆయ్, చెప్పుకుంటున్నామండీ."

"మొహమాటపడకండర్రా, ఏవుంటే అది చెప్పండి" అని ప్రెసిడెంటుగారు పడక్కుర్చీలోంచి నవ్వారు.

తిరిగి వస్తూ, ఇందాక జవాబులు చెప్పిన సువార్తమ్మగారి ఇంటి ముందు ఆగి నీళ్ళడిగాను. కొన్న టిన్నులోంచి వంచి ఇచ్చారు. బోరు నీళ్ళు ఇమ్మన్నాను.

"అయ్యబాబోయ్, అయ్యి మీకెలా ఇస్తామండీ? ఉప్పు కషాయం. పప్పు కూడా ఉడకదు."

"మరి బాగున్నాయన్నారేంటండీ?"

"భలేవోరే మేడంగారూ! ఆయన పందిట్లో కూర్చుని, ఆయన చెరువుల మూలానే మా నీళ్ళు పాడైపోయేయని చెప్పమంటారా? రేపు రొయ్యల పట్టుబడి కూలికి మమ్మల్ని పిలుస్తారా ఏంటి?"

ఈ మాట సూపర్‌వైజర్‌కి చెబితే, "వాళ్ళు చెప్పిందే మనం రాశాం కదా, మళ్ళీ కూర్చోబెట్టే టైము లేదు" అన్నారు. ఊరికి నిండుగా మార్కులు పడ్డాయి. అంటే ప్లాంటు పోయినట్టే. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ ఊరి నివేదిక మీద సంతకం పెట్టనన్నాను. ఎందుకు పెట్టలేదో దాతకు నేనే రాస్తానన్నాను. అప్పటికి దిగొచ్చారు.

ఈసారి ఎక్కడ కలవాలో సువార్తమ్మగారినే అడిగాను. "ఆదివారం ఆరాధనయ్యేక స్త్రీల సమాజం కూడతామండీ. అక్కడికైతే ప్రెసిడెంటుగారు రారు" అన్నారు.

ఆ ఆదివారం చర్చిలో చాపల మీద అందరం సమానంగా కూర్చున్నాం. పిల్లల ఒంటి దురదలు, టిన్నులు మోసుకొచ్చే పాట్లు, సభ పెట్టకుండానే గ్రామసభ సంతకాలు ఇంటికొచ్చి పెట్టించుకుపోవడం, అన్నీ ఒక్కసారే బయటపడ్డాయి. రాసుకుంటున్న సూపర్‌వైజర్ చెయ్యి వాళ్ళ మాటల్ని అందుకోలేకపోయింది.

"ఒక్కొక్కరే చెప్పండమ్మా" అని బతిమాలారు.

"మొన్న ఒక్కొక్కరవే చెప్పేం కదా నాయనా, ఏం బావుకున్నావు?" అని వెనక నుంచి ఓ ముసలావిడ అనేసరికి అందరూ గొల్లున నవ్వారు.

ఆయన నొచ్చుకున్నారు. "ఇదంతా ఆవేళే చెప్పొచ్చు కదా?"

సువార్తమ్మగారు నవ్వలేదు. "ఆవేళ తమరు మమ్మల్నెక్కడ అడిగేరండీ? ప్రెసిడెంటుగార్ని అడిగేరు. మా నోటితో ఆయన చెప్పేరు."

ఊరి మార్కులు పడిపోయాయి, ప్లాంటు వచ్చింది. ఆ సంస్థ నన్ను మళ్ళీ పనికి పిలవలేదు. దానికి నాకు బాధ లేదు. నా కోపమల్లా వేరు. నేను వెళ్ళని ఊళ్ళలో కూడా కూలి ఇచ్చే ఆసామి ఎదుటే కూలీలను అడిగి, వాళ్ళ భయానికి సంతృప్తి అని పేరు పెట్టి అచ్చువేసి ఉంటారు. నిజం చెప్పినా మర్నాటి కూలి పోనిచోటు చూసి అడగడమే సర్వేలో సగం పని. ఆ శ్రమ పడనివాళ్ళు జనం బాగోగులు కొలవడానికి బయల్దేరకూడదు.