తిరిగొచ్చినవాళ్ళను కొట్టేశాను

కోలారు బంగారు గని సర్కారు చేతికి వచ్చాక నాకు బిళ్లల కిటికీ దగ్గర పని దొరికింది. కిందికి దిగే ప్రతి మనిషికీ నంబరు చెక్కిన ఇత్తడి బిళ్ల ఒకటి ఇవ్వడం, పైకి వచ్చాక దాన్ని తీసుకుని మేకుకు తగిలించడం. షిఫ్టు అయ్యేసరికి ఒక్క మేకు ఖాళీగా కనబడినా ఆ మనిషి జాడ తెలిసేదాకా నేను కుర్చీలోంచి లేచేవాణ్ణి కాదు. గని మూతపడ్డాక కూడా ఆండర్సన్‌పేటలో మా వీధివాళ్ళు నా గురించి చెప్పేటప్పుడు అదే చెప్పేవారు, లెక్క తప్పని మనిషని. ఇంకేమీ మిగలని రోజుల్లో ఆ మాట ఒక్కటి నాకు మిగిలింది. దాన్ని మోతాదుకు మించి నమ్ముకున్నాను.

ఊరి రోడ్లకు ప్లాను గీసే ఆఫీసువాళ్ళు ఒక టౌను బస్సు వేయాలనుకున్నారు. అది స్టేషనుకు మా రోడ్డు మీదుగా పోవచ్చు, లేదా బజారు వెనక రోడ్డు మీదుగా పోవచ్చు. ఎందులో జనం, బండ్లు ఎక్కువ తిరుగుతాయో లెక్కపెట్టి చూస్తామన్నారు. జీతం లేని పని కాబట్టి మాలాంటి రిటైరైన వాళ్ళను అడిగారు. నేను వెంటనే ఒప్పుకున్నాను. మా కోడలు బెంగళూరులో బట్టలు కుట్టే కంపెనీలో పని చేస్తుంది. తెల్లవారుజాము రైలు అందుకోవాలంటే చీకట్లో, బంగారం తీశాక మిగిలిన మట్టి పోసిన సైనైడ్ దిబ్బ పక్కనుంచి నడిచి పోవాలి. ఆ వేళకు ఆటోలు లోపలికి రావు. ఒకసారి కుక్కలు తరిమితే పడి మణికట్టు వాచిపోయింది. వాచిన చేతితోనే మరునాడు మిషను తొక్కింది. ఆ బస్సు మా ఇంట్లో ఎవరికైనా కావాలంటే ఆమెకే కావాలి.

ఆఫీసు నుంచి వచ్చిన ఇంజనీరమ్మ కన్నడంలో విడమరిచి చెప్పింది. ఎవరు దాటినా ఒక గీత. అటు పోయినా గీతే, ఇటు వచ్చినా గీతే. నాకు కన్నడం బాగా వచ్చు. ప్రతి మాటా అర్థమైంది. తల కూడా ఊపాను. అందుకే ఆ తర్వాత నేను చేసిన పని నాకే ఈరోజుకూ సరిగ్గా అర్థం కాదు.

చీకటి ఉండగానే వెళ్ళి మూల మీద స్టూలు వేసుకుని కూర్చున్నాను. మొదట దాటింది మా కోడలే. నవ్వి చెయ్యి ఊపి పోయింది. గీత పెట్టాను. తర్వాత పాలవాడు, బడిపిల్లలు, రాబర్ట్‌సన్‌పేట బట్టల అంగడిలో పనిచేసే ఆడవాళ్ళు. సైకిలుకు అటూ ఇటూ బిందెలు కట్టుకుని నీళ్ళకు పోయే పక్కింటాయన నా ముందు ఆగాడు.

“ఏమప్పా, ఈడ కూర్చోని ఏం చేస్తాండావు?”

“రోడ్డు లెక్క రాస్తాండా.”

“నన్ను రాసినావా?”

“రాసినా.”

“సైకిలని రాసినావా, మనిషని రాసినావా? నేను దీన్ని తొక్కేది లేదు, తోసేదే.”

నిజంగానే తికమకపడ్డాను. చివరికి మనిషని రాశాను. కాసేపటికి ఆయన నిండిన బిందెలతో తిరిగొచ్చాడు. అప్పుడు నా చెయ్యి ఇంకో గీత పెట్టలేదు. ఇందాక పెట్టిన గీతను అడ్డంగా కొట్టేసింది. చూసి కూడా నాకు ఏమీ అనిపించలేదు. పోయినాడు, వచ్చినాడు, అయిపోయింది.

రోజంతా అలాగే చేశాను. మా రోడ్డులో తిరిగేవాళ్ళ ముఖాలన్నీ నాకు తెలుసు, ఏ గీత ఎవరిదో కూడా గుర్తే. ఎవరు తిరిగొస్తే వాళ్ళ గీత వెతికి కొట్టేశాను. సాయంత్రం రైలువాళ్ళు కూడా వచ్చాక కాగితంలో కొట్టెయ్యని గీతలు కొన్నే మిగిలాయి. ఊరు దాటి పోయిన లారీలు, టమోటా బండ్లు సరే. కానీ చివరి వీధి కుర్రకారులో ఒకడు పొద్దున పోయినవాడు పోయినట్టే ఉన్నాడు. మనసు ఆగక వాళ్ళింటికి పోయి అడిగాను. కోలారులో బంధువుల పెళ్ళి, రేపు వస్తాడన్నారు. అప్పుడు గాని ఊపిరి తీసుకోలేదు. ఆ రాత్రి చాలా రోజుల తర్వాత తృప్తిగా అన్నం తిన్నాను.

వారం తిరిగాక లెక్కపెట్టిన వాళ్ళందర్నీ ఆఫీసుకు పిలిచారు. ఇంజనీరమ్మ మా రోడ్డు కాగితం తీసి, కొట్టేసినవి వదిలి మిగిలినవి కూడింది.

“ఈ రోడ్డులో తిరిగేవాళ్ళే లేరే,” అంది. తర్వాత నన్ను చూసి, “సార్, ఇవన్నీ తప్పు గీతలా? కొట్టేసినారు.”

“తప్పు కాదు మేడం. వాళ్ళు వచ్చేసినారు.”

“యాడికి వచ్చేసినారు?”

“ఇండ్లకు.”

ఎవరో నవ్వారు. ఏదో పొరపాటు జరిగిందని తెలుస్తోంది, అదేమిటో పట్టుబడడం లేదు. ఆమె ఓపికగానే అడిగింది, “మళ్ళీ ఒకసారి చూస్తారా?” ఆ ఒక్క నిమిషం చాలు. కాగితం ముందు పెట్టుకుని చూస్తే తెలిసిపోయేది. కానీ ఆ నవ్వు చెవిలో ఉంది. “నా లెక్క సరిగానే ఉండాది,” అన్నాను. గట్టిగానే అన్నాను. బస్సు బజారు వెనక రోడ్డుకు పోయింది.

ఇంటికి వచ్చేసరికి కోడలు రాగి సంగటి గెలుకుతోంది.

“బస్సు ఎటు మామా?”

“ఆ పక్క.”

“మన రోడ్లో జనం తక్కువన్నారా?”

జరిగింది చెప్పాను. చెప్తూ ఉండగానే తప్పు ఎక్కడో నాకూ మెల్లగా అర్థమైంది. ఆమె కట్టె తిప్పడం ఆపింది.

“నన్ను కూడా కొట్టేసినావా?”

“నువ్వు వచ్చేసినావు కదమ్మా.”

“రోజుకు రెండుసార్లు దాటుతా మామా. నీ కాగితంలో ఒక్కసారి కూడా లేను.”

కోపంగా అని ఉంటే ఏదో ఒకటి అనేవాణ్ణి. మామూలుగా అంది. సంగటి ముద్ద చేసి నా పళ్ళెంలో పెట్టింది.

మరునాడు ఆఫీసుకు పోయి తప్పు నాదేనని చెప్పాను. రోడ్డువాళ్ళు సంతకాలు పెట్టి అర్జీ ఇస్తే మళ్ళీ లెక్కపెట్టిస్తామన్నారు. ఇల్లిల్లూ తిరిగాను. సంతకం ఎందుకో చెప్పాలంటే నేను చేసిందేమిటో చెప్పాలి. అక్కడే నాకు ఇంకా అయోమయమైంది. గనిలో రాయి తొలిచే డ్రిల్లరుగా చేసిన పెద్దాయన అంతా విని అడిగాడు.

“ఎవడన్నా తగ్గినాడా?”

“తగ్గలేదు.”

“అందరూ ఇల్లు చేరినారు కదా. ఇంగ తప్పు యాడ చేసినావు?”

లోపలినుంచి ఆయన భార్య వచ్చి అర్జీ లాక్కుంది. “ఆయన మాట వింటా కూర్చుంటే బస్సు రాదు. యాడ పెట్టాల సంతకం?”

దాదాపు ప్రతి ఇంట్లోనూ అంతే. కిందికి దిగి పనిచేసిన మగవాళ్ళు నన్ను సమర్థించారు, ఆడవాళ్ళు సంతకం పెట్టారు. నన్ను సమర్థించిన ప్రతిసారీ నా తప్పు ఇంకాస్త పెద్దదైనట్టుండేది. ఎందుకో చెప్పలేను.

మళ్ళీ లెక్కపెట్టడానికి వేరే ఊరివాళ్ళను పంపారు. మధ్యాహ్నం వాన పట్టుకుంటే సగంలోనే లేచి వెళ్ళిపోయారు. ఉన్న లెక్కను బట్టి మా రోడ్డుకు పొద్దున ఒక బస్సు వేశారు. సాయంత్రం లేదు. కోడలు బస్సులో పోతుంది, నడిచి వస్తుంది. ఎదురు వస్తానంటే ఒప్పుకోదు. “నువ్వొస్తే కుక్కల నుంచి నిన్ను కూడా కాపాడుకోవాల,” అంటుంది. అది ఎకసెక్కమో, ప్రేమో, ఇంకా మిగిలిన నొప్పో నాకు తెలియడం లేదు. అడిగే ధైర్యం లేదు.

సాయంత్రం బస్సు కోసం ఇంకో అర్జీ రాయించి మళ్ళీ ఇల్లిల్లూ తిరుగుతున్నాను. నన్ను చూడగానే వాకిట్లోంచే అంటారు, “ఏమప్పా, ఈసారి ఎవర్ని కొట్టేసినావు?” పెన్ను అందిస్తాను.