మొన పైకి తిరిగిన గీతలు

అరవై దాటాక, మా ఊరి బడిలో సాయంత్రం పూట పెద్దవాళ్ళకు పెట్టిన తరగతిలో అక్షరాలు నేర్చుకున్నాను. ఈ సంగతి ముందే రాయకపోవడానికి అదొక్కటే కారణం కాదు. అక్షరాలు వచ్చాక కూడా రాయబోతే చెయ్యి ఆగిపోయేది. మా మామను చెడ్డవాణ్ణి చేసినట్టు అవుతుందేమోనని. ఆయన చెడ్డవాడు కాదు, భయపడ్డాడు. అప్పుడు ఇంటిల్లిపాదీ భయపడ్డాం.

మాది ఉదయగిరి నుంచి మర్రిపాడు పోయే వైపు మెట్టపల్లె. గొర్రెలే మా బతుకు. చదువు లేకపోయినా గొర్రె వీపు మీద గుర్తు చూసి అది ఎవరిదో చెప్పేవాళ్ళం. మా ఇంటి గుర్తు జాజు, అంటే ఎర్రమట్టి, కలిపి గీసే మూడు గీతలు. ఒక్కో గీత రెండు పక్కల నుంచి వాలి, నడుమ మొనగా కలుస్తుంది. మొనలు తోక వైపు ఉండాలి. గొర్రెను ఎవరికైనా ఇచ్చేస్తే ఆ గీతలను తిరగేసి, మొనలు తల వైపుకు గీసేవాళ్ళం. ఇక అది మన మందలోది కాదని, సాయంత్రం దాని కోసం వెతకొద్దని అర్థం.

మా ఆయన ఇంటికి పెద్దకొడుకు, పటాలంలో హవల్దారు. ఆ పదవి వచ్చినప్పుడు పంపిన ఫొటోలో చేతి మీద మూడు గీతలు, మొన కిందికి ఉన్నాయి. "మన గొర్రెల గుర్తే వేసినారు నా కొడుక్కి" అని అత్త నవ్వి, పటం కట్టించి తలుపు పైన తగిలించింది.

తర్వాత ఆయన్ను కొరియాకు పంపారు. అక్కడ యుద్ధం ఆగింది, పట్టుబడిన ఖైదీలకు మనవాళ్ళు కాపలా అన్నారు. ఆ ఖైదీల్లో చాలామంది సొంత దేశానికి తిరిగి వెళ్ళబోమంటున్నారని ఉదయగిరిలో శెట్టి గారి అంగడి రేడియోలో చెప్పారట. ఉప్పుకు పోయిన మామ విని వచ్చాడు. ఇల్లు చేరేసరికి ఆయన నోట అది "ఆడికి పోయినోళ్ళు ఇంటికి రామంటున్నారంట" అయింది.

ఆ దిగులులో ఉండగానే కవరు వచ్చింది. లోపల ఫొటో ఒక్కటే, జాబు లేదు. మా ఆయన పొడుగు కోటు తొడుక్కుని మంచులో నిలబడి ఉన్నాడు. చేతి మీద గీతలు ఉన్నాయి. మొన పైకి.

మామ ఫొటోను వాకిట్లో వెలుతురుకు పట్టి చూశాడు.

"వేరే మందలో కలిసినాడు" అన్నాడు.

"నీ నోట్లో మన్ను పడ! వాడు నీ కొడుకు కాదా?" అంది అత్త.

"కొడుకైతే గుర్తు అబద్ధమాడతాదా? ఎల్లుండి పొద్దున గొర్రెపిల్లలకు గుర్తు వెయ్యాల. పెద్దోడి వాటా తిరగేసి చిన్నోడి మందలో కలిపేస్తా. రానోడికి గొర్రెలెందుకు?"

నా మాట ఎత్తలేదు. ఎత్తాల్సిన పనీ లేదు. నాకు పిల్లలు లేరు. మా ఆయన వాటా పోతే ఆ ఇంట్లో నేను ఉండడానికి ఆధారమే లేదు. మొగుడు వదిలేసిన మనిషినని పుట్టింటికి పంపుతారు. దానికంటే పెద్ద భయం ఇంకొకటి: మామ చెప్పిందే నిజమైతే?

మర్నాడు అత్త నన్ను బస్సెక్కించుకుని ఆత్మకూరు తీసుకుపోయింది. అక్కడ బర్మా యుద్ధంలో చేసి వచ్చిన ముసలి హవల్దారు ఉన్నాడు. అనుమసముద్రంపేట దగ్గర దర్గాకు పోయేవాళ్ళు దిగుతుంటే, నేనూ ఉన్న చోటు నుంచే దండం పెట్టుకున్నాను.

ముసలాయన నులకమంచం మీద కూర్చుని ఫొటో చూశాడు. అత్త గొర్రెల గుర్తు సంగతి చెప్పేసరికి పొట్ట పట్టుకుని నవ్వాడు.

"ఏందమ్మా, మీ దొడ్డి లెక్క పటాలానికి పెట్టినారా! ఇది అమెరికావోళ్ళ కోటు. బర్మాలో చూసినా వాళ్ళని. మన గీతల మొన కిందికి, వాళ్ళది పైకి. కింద ఈ వంపు గీత చూడు. సార్జెంటో, వాడి పైవాడో, ఎవుడిదో కోటు ఇది."

"వాళ్ళ కోటు నా కొడుక్కెందుకు?" అంది అత్త.

"చలి అమ్మా, చలి! ఆడ అమెరికా పటాలం గూడా ఉండాది, వాళ్ళే ఇచ్చుంటారు. చేతులు చూడు, వేళ్ళు కూడా కనపడ్డంలా. వీడి కొలతకు కుట్టిందా ఇది? టోపీ మీద మన సింహాలే ఉండాయి. నా రోజుల్లో ఆడ తెల్లదొరల కిరీటం ఉండేది."

నిజమే, కోటు చేతులు వేళ్ళను దాటి వేలాడుతున్నాయి. గీతల మీదే కళ్ళు పెట్టుకుని నేను అది చూడలేదు.

"మరి జాబు ఎందుకు రాయలేదు తాతా?" అని అడిగాను.

ఆయన నవ్వు ఆపాడు. "అది నేనెట్ట చెప్పేది తల్లీ? ఫొటో దిగిన రోజు కాళ్ళ మీద నిలబడి ఉండాడు. అంతే నాకు తెలిసింది."

ఇంటికొచ్చి అత్త అంతా చెప్పింది. మామ విని, "ఎవరి కోటు తొడిగితే వాళ్ళ మనిషే గదా" అన్నాడు. ముందటంత గట్టిగా మాత్రం అనలేదు. రేపు గుర్తు ఎలా వేస్తాడో చెప్పలేదు. అడిగే ధైర్యం మాకు లేకపోయింది.

గుర్తు వెయ్యడం మా ఇళ్ళల్లో మగవాళ్ళ పని. మర్నాడు పొద్దున నేనే ముందు లేచి చట్టిలో జాజు కలుపుకుని దొడ్డిలోకి పోయాను. అత్త నా వెనకే వచ్చి, మా ఆయన వాటాలోని గొర్రెపిల్లను ఒకదాన్ని పట్టుకుంది. మొదటి గీత వంకర పోయింది. అయినా మొన తోక వైపే పెట్టాను. రెండోది, మూడోది గీశాను. తల ఎత్తకుండానే మామ కాళ్ళు దొడ్డి చుట్టూ వేసిన ముళ్ళకంప దగ్గర ఆగడం చూశాను. ఆయన లోపలికి రాలేదు, వెనక్కీ పోలేదు. నేను వేలు జాజులో ముంచి అత్తను ఇంకో పిల్లను పట్టమన్నాను.